పవర్ డబ్బా మీద తడిగోనె

"ఆ గోనెసంచి దాని మీద పెట్టకు తమ్మీ! తియ్యి. ముందుగాల తియ్యి."

పరశురాం ఉల్లిగడ్డల సంచిని చేతుల్లో పట్టుకొని ఉన్నచోటే ఆగిపోయాడు.

"పొడి సంచే గదక్కా. కింద జాగ లేదని జర సేపు పెడుతున్న."

"పొడిదైనా వద్దు. నా కాళ్ల మీద పెట్టు, నీ నెత్తి మీద పెట్టుకో. డబ్బా మీద మాత్రం గోనె పడొద్దు."

"నెత్తి మీద పెట్టుకుంటె బండెవరు నడుపుతరు?" అని నవ్వి, అతను సంచిని మంచం కిందికి తోశాడు. ఆశమ్మ నవ్వలేదు. కొంగుతో డబ్బా పైభాగం తుడిచింది. దాని మీద దుమ్ము కూడా లేదు.

నారాయణపేటలో చీరల దుకాణం ఎదురుగా బండి ఆగి ఉంది. ఒక చక్రం మోరీ అంచు మీద, మిగతా మూడు రోడ్డు మీద. బండి అంటే మామూలు వ్యాను కాదు, చక్రాల మీద ఇల్లు. హైదరాబాదులో ఉండే సుచరిత మేడం ఒక పొడుగాటి వ్యాను కొని, సీట్లు పీకించి, మడిచే మంచాలు నాలుగు, చిన్న వంటగట్టు, ఫ్రిజ్, ఫ్యాన్లు పెట్టించింది. పట్నం కుటుంబాలు దాన్ని రెండు రోజులకో మూడు రోజులకో కిరాయికి తీసుకుంటాయి. సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డునో, కోయిల్‌సాగర్ కట్ట కిందనో మనసైన చోట ఆపుకొని, పక్కన డేరా వేసుకొని పడుకుంటాయి. కరెంటు స్తంభం కనపడని జాగాలో కూడా ఆ బండిలో లైటు వెలుగుతుంది, ఫ్రిజ్ నడుస్తుంది. అదంతా వెనుక తలుపు పక్కన పట్టీతో కట్టి ఉంచిన డబ్బా పుణ్యం. చిన్న ట్రంకుపెట్టె అంత ఉంటుంది. ముందర ప్లగ్గులు, ఒక తెర. మడత పలకలను ఎండలో పరిచి వైరు తగిలిస్తే సూర్యుడి నుంచి కరెంటు నింపుకుంటుంది. ఎంత నిండిందో తెర మీద అంకె చెప్తుంది.

ఆశమ్మ ఆ బండిలో వంటమనిషి. పరశురాం డ్రైవరు, నకిరేకల్ మనిషి, వచ్చి నాలుగు నెలలే. కోయిల్‌సాగర్ నుంచి తిరిగిపోతూ, చీరలు కొనాలని దారి మార్చుకున్న రెండు కుటుంబాలు దుకాణంలోకి వెళ్లి గంటయింది.

"నాలుగు నెలల సంది చూస్తున్నక్కా," అన్నాడు పరశురాం. "ఎవరన్న నీళ్ల చెంబు పట్టుకొని డబ్బా దిక్కు వస్తే నువ్వు లేచి నిలబడతవ్. మొన్న ఆ చిన్నపాప నీళ్ల సీసా తెస్తె గుంజుకున్నవ్, పాపం అది ఏడ్చింది. ఇంకోటి, ఈ ఊరికొస్తే నువ్వు బండి దిగవు. మూడు తడవలు వచ్చినం. చాయ్ తాగుదాం రమ్మన్నా దిగవు. ఏముందక్కా ఈ ఊర్ల?"

"ఊర్ల ఏముంటది. చీరలుంటయి."

"చీరలకు భయపడేది మగోళ్లు గదా."

ఈసారి ఆమె పెదవి కదిలింది. మళ్లీ బిగిసింది.

పరశురాంకు ఒక గుణం ఉంది. ఒకసారి అడిగి ఊరుకుంటాడు. జవాబు రాకపోతే రెట్టించడు, లేచి పోడు. పదిహేనేండ్లు లారీ నడిపి, చెక్‌పోస్టుల దగ్గర, గోదాముల ముందర పూటలు పూటలు కూర్చున్న మనిషి. ఆ కూర్చోవడంలోనే అతనికి చదువంతా వచ్చింది. ఈ డబ్బాను కూడా ఎవరూ నేర్పకుండానే, ఫోన్‌లో చూసి, డబ్బాతో వచ్చిన పుస్తకం వెనుక బొమ్మలు చూసి నేర్చుకున్నాడు. ఇప్పుడు కూడా మెట్టు మీద కూర్చొని ఉల్లిగడ్డల పొట్టు తీయసాగాడు.

"నువ్వు కూసుంటవే, ఆ డ్రైవర్ సీటు," అంది ఆశమ్మ చాలాసేపటికి. "అది ఎవరిదో ఎరుకనా?"

"నాకంటె ముందు ఒకాయన ఉండెనట గద. డబ్బా చెడగొట్టిండని మేడం చెప్పింది. గొర్లోళ్లకు ఉత్తగనే కరెంటిచ్చెటోడట. నన్ను పెట్టుకున్న రోజే చెప్పింది, బయటోళ్ల ఫోను ఒక్కటి గూడ దానికి తగలొద్దని."

"ఆయన చెడగొట్టలే." ఆశమ్మ గొంతు చిన్నదైంది. "నేను చెడగొట్టిన."

పొట్టు తీస్తున్న చేయి ఆగింది. దుకాణం అద్దంలోంచి చీరల కుప్ప కనిపిస్తున్నది. పరశురాం అటు ఒకసారి చూసి వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"ఎర్రంచు చీరలకాన్నే ఉన్నరు ఇంక. చెప్పక్కా."

*

ఆశమ్మది మక్తల్ అవతల, కర్ణాటక హద్దుకు కూతవేటు దూరంలో ఉన్న మెట్టపొలాల ఊరు. ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే, నాలుగోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆమె తల్లి పీర్ల పండుగ నాడు నిప్పుల గుండం ముందర నిలబడి హసన్ పీరుకు మొక్కుకుంది. ఆ హసన్ పీరు పేరు మీద ఆశమ్మ అయింది. ఆ ఊళ్లలో ఆశప్పలు, ఆశమ్మలు, ఉసేనమ్మలు ఇంటికొకరు ఉంటారు, ఎవరికీ అది వింత కాదు.

ఏడేండ్లప్పుడు తల్లిదండ్రుల వెంట గుంపులో పోయింది. గుంపు అంటే మేస్త్రి వెంట బొంబాయి, పుణె దిక్కు మట్టిపనులకు పోయే కూలీల జట్టు. కాలువలు, రోడ్లు, పెద్ద పెద్ద కట్టడాల పునాదులు. సంవత్సరంలో తొమ్మిది నెలలు తాడిపత్రీ పట్టాల డేరాలే ఇల్లు. పన్నెండేండ్లు వచ్చేసరికి గుంపుకు వంట ఆమె చేతికి వచ్చింది. మూడు రాళ్లు, ఎదురుగాలి, ముప్పై మంది ఆకలి. గాలి ఏ దిక్కు నుంచి వస్తే ఆ దిక్కుకు వీపు పెట్టి కూర్చొని రొట్టెలు కొట్టేది. ఆ కూర్చునే తీరు ఇప్పటికీ పోలేదు. వంటగట్టు ఉన్నా కూడా రొట్టెలకు ఆమె కిందికే దిగుతుంది.

"మేం డేరాలల్ల ఉంటే అందరు పాపం అన్నరు," అంటుంది ఆమె అప్పుడప్పుడు. "గీళ్లు డేరాలకు కిరాయి కట్టి ఫోటోలు దిగుతున్నరు. మేం ముందుగాల పుట్టినం, గంతే తేడా."

గుంపులో ఒక కట్టుబాటు ఉండేది. పార వంకరపోయినా, లాంతరు పగిలినా, నీళ్ల మోటారు కాలినా మేస్త్రి సాయంత్రం అందరినీ వరుసగా నిలబెట్టి అడిగేవాడు, ఎవరి పని ఇది అని. ముప్పై మందిదీ ఒకటే జవాబు. తెల్వది. చేసినవాడూ అదే అనాలి, చూసినవాడూ అదే అనాలి. ముప్పై మందిని ఒక్కసారి పనిలోంచి తీసేయలేడు కాబట్టి మేస్త్రి తిట్టి ఊరుకునేవాడు. చెప్పినవాడికి మరునాడు గుంపులో నిప్పు కూడా పుట్టదు.

తొమ్మిదేండ్లప్పుడు ఆమె చేతిలోనే లాంతరు గాజు పగిలింది. సాయంత్రం వరుసలో నిలబడితే ఏడుపు వచ్చి నోరు తెరవబోయింది. పక్కనే ఉన్న నాయిన ఆమె చేతి చర్మాన్ని మెలిపెట్టి పట్టుకున్నాడు. నొప్పికి నోరు మూసుకుంది. ఆ రోజు ముప్పై మంది కలిసి ఆమె తప్పును మింగేశారు. రాత్రి నాయిన అన్నం కలిపి తినిపిస్తూ అన్నాడు, "గట్లనే ఉండాలె బిడ్డా. ఎవరిదని అడిగితే తెల్వదను." ఆ మాట ఆమె ఎముకల్లోకి పోయింది.

పెండ్లయినా గుంపే. భర్త పోయి ఎనిమిదేండ్లు. కొడుకు, కోడలు ఇప్పటికీ పుణె పనుల్లోనే ఉన్నారు. మోకాళ్లు సహకరించక ఆమె ఊరికి వచ్చి, మక్తల్ రోడ్డు మీద ఒక హోటల్లో రొట్టెలు కొట్టుకుంటూ ఉండగా అబ్దుల్ ఖాదర్ ఆమెను చూశాడు. అప్పటికి అతను సుచరిత మేడం బండి మీద డ్రైవరు. వంటకు ఎవరన్నా ఉంటే చెప్పమని మేడం అడిగితే, "గాలిల, మూడు రాళ్ల మీద, ముప్పై మందికి వండే మనిషి ఉంది మేడం. పట్నంల దొరకదు" అని చెప్పి తీసుకొచ్చాడు.

"ఖాదరన్న తెచ్చిన జాగ తమ్మీ ఇది," అంది ఆశమ్మ. "నేను మొదటిసారి లోపటి నుంచి గొళ్లెం పెట్టుకొని పండుకున్నది ఈ బండిలనే. ఆయన బయట డేరాల పండుకునెటోడు."

ఖాదర్‌ది ఇదే ఊరు, నారాయణపేట. ముప్పై ఏండ్ల డ్రైవింగు. తన చేతిలో ఏ బండీ చెడిపోలేదన్నది ఆయన గొప్ప. కూరలో ఉప్పు కాస్త ఎక్కువైతే, "మా పీరు పేరు పెట్టుకొని నాకే ఉప్పు ఎక్కువేస్తవా ఆశమ్మా?" అని దెప్పేవాడు. ఆమె ఊరుకునేది కాదు. "పీరుకే మొక్కిన, నీ నోరు జర తక్కువ కావాలని" అనేది.

డబ్బా వచ్చిన కొత్తలో ఖాదర్ దాన్ని చంటిపిల్లలాగా చూసుకున్నాడు. గంటకోసారి తెర చూసి అంకె పైకి చదివేవాడు. అరవై అయింది, డెబ్బై అయింది అని, ఎవరూ అడగకపోయినా. ఆయనకు ఒక్కటే కాయిదా: పలకలు ఎండలో, డబ్బా నీడలో.

ఆ కరెంటులో కొంత గొర్ల కాపరులకు పోయేది. ఖాదర్ అంతకుముందు డీసీఎం లారీ నడిపినప్పుడు గొర్లను అంగళ్లకు చేరవేసేవాడు. అప్పటి నుంచి మైసయ్య అనే కాపరితో పన్నెండేండ్ల దోస్తీ. ప్రతి బక్రీదుకూ పొట్టేలు మైసయ్య మందలోంచే వచ్చేది. ఎండాకాలం మైసయ్య వాళ్లు మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు వస్తారు. నెలల తరబడి ఇంటికి దూరం, ఫోను ఒక్కటే ఆధారం, దానికి చార్జింగు దొరకదు. బండి సోమశిలలో ఆగిందని తెలిస్తే నలుగురి ఫోన్లు తువ్వాలలో మూటగట్టుకొని మైసయ్య వచ్చేవాడు.

"సూర్యుని సొమ్మే గద, మా అయ్యదా?" అని ఖాదర్ వాటిని వరుసగా తగిలించేవాడు.

*

అది మొన్నటి మే నెల. సోమశిల ఒడ్డు. పొద్దున్నే పలకలు ఇసుక మీద పరిచారు. డబ్బాను బండి వెనుక, నీడలో ఒక పీట మీద పెట్టారు. మైసయ్య వచ్చి ఫోన్లు నింపుకొని, పక్కనే సీసాతో మొహం కడుక్కొని, పన్నెండు కాకముందే మందకాడికి వెళ్లిపోయాడు. బండిని కిరాయికి తీసుకున్నవాళ్లు తిండి తిని పడవ మీద షికారు పోయారు. ఖాదర్ నమాజు చేసుకొని, కొంచెం దూరంగా తుమ్మచెట్టు కింద నడుం వాల్చాడు. ముందురోజంతా నడిపిన అలసట, వెంటనే కన్నంటుకుంది.

నీడ జరిగింది. ఎవరూ చూడలేదు. రెండు గంటల ఎండ నేరుగా డబ్బా మీద పడింది.

ఆశమ్మ రాత్రికి కావలసిన పిండి జల్లిస్తున్నది. డబ్బాలో ఫ్యాను హోరుమంటూ తిరగడం విన్నది. ఆ తర్వాత కీక్, కీక్ అని మొదలుపెట్టింది. దగ్గరికి పోయి చూస్తే తెర మీద ఎర్రటి గుర్తు మినుకుమినుకుమంటున్నది. చెయ్యి వేసి చూసింది. పెనంలాగా కాలుతున్నది.

"ఎండకు కోడి నోరు తెరిచి రొప్పుతది చూడు, గట్లనే అనిపించింది తమ్మీ. పానమున్నట్టే అనిపించింది. లేపుదామంటే ఆయన ముందు దినమంత నడిపిండాయె. ఎత్తి లోపట పెడుదామంటే నాతోని లేవలే, దానికి తాళ్లు వైర్లు ఉండె. మనం ఎండకు ఏం చేస్తం? నీళ్ల కుండకు తడిగోనె చుడతం. పాలగిన్నెకు చుడతం. గుంపుల ఉన్నప్పుడు ఎండదెబ్బ తగిలిన మనిషికి గూడ తడిగోనె కప్పినం, బతికిండు."

ఉల్లిగడ్డల సంచి దులిపి, ఏట్లో ముంచి, నీళ్లు కారుతుండగానే తెచ్చి డబ్బా మీద కప్పింది. మూలలు జారకుండా నాలుగు దిక్కులా అద్దింది. గోనె ఆరుతుందేమోనని రెండు చెంబుల నీళ్లు మెల్లగా మీద పోసింది. కాసేపటికి కీక్ మనడం ఆగింది. ఫ్యాను కూడా ఆగింది.

"సల్లబడ్డది అనుకున్న," అంది ఆశమ్మ. "మంచి పని చేసిన అనుకున్న. ఆయన లేస్తే చెప్పాలె, నీ బిడ్డను నేను కాపాడిన అని చెప్పాలె అనుకుంట కూసున్న."

ఇంతలో పడవ నుంచి పిల్లలు ఆకలని తిరిగొచ్చారు. ఆమె గోనె తీసి, తుమ్మకంప మీద ఆరేసి, పొయ్యి దగ్గరికి పోయింది. చెప్పాలనుకున్న మాట రొట్టెల పనిలో పడి మరిచింది. చీకటి పడ్డాక లైటు వేస్తే వెలగలేదు. ఖాదర్ ఎన్ని మీటలు నొక్కినా తెర నల్లగానే ఉంది. ఫ్యాన్లు లేవు, ఫ్రిజ్‌లో పాలు విరిగాయి, బండివాళ్లు సణుక్కుంటూ తెల్లారి ఒక రోజు ముందే వెనక్కి తిరిగారు. అప్పటికి కూడా గోనెకూ దానికీ సంబంధం ఉందని ఆమెకు తోచలేదు. కాలం తీరి చచ్చిపోయిందనుకుంది.

నాలుగు రోజులకు మేడం ఫోను వచ్చింది. బండి మక్తల్‌లో ఆగి ఉంది. ఖాదర్ స్పీకర్ పెట్టాడు.

"రిపేరు షాపులో డబ్బా విప్పి చూశారు ఖాదర్ గారూ. లోపలికి నీళ్లు పోయాయట. పలకలు బాగానే ఉన్నాయి, డబ్బా మాత్రం ఇక పనికిరాదన్నారు. వాన లేదు, ఏమీ లేదు. నీళ్లెలా పోయాయి?"

ఆశమ్మ చేతిలోని చాటలో బియ్యం ఉన్నాయి. ఆ మాటతో గోనె, చెంబు, జారిన నీళ్లు, ఆగిపోయిన ఫ్యాను వరుసగా ఆమె కండ్ల ముందరికి వచ్చాయి.

ఖాదర్ ఫోనును నోటి దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆ రోజు గొర్లోళ్లు వచ్చిన్రు మేడం. నేనే రానిచ్చిన. ఫోన్లు పెట్టిన్రు. ఆడనే మొహాలు కడుక్కున్నరు."

"మీరు దగ్గర లేరా?"

"జర కన్నంటుకుంది మేడం."

"ఆశమ్మా, నువ్వు అక్కడే ఉన్నావు కదా. నీకేమైనా తెలుసా?"

"తెల్వది మేడం."

ఆ మాట రావడానికి ఆమెకు ఆలోచన కూడా అవసరం పడలేదు. నలభై ఏండ్లుగా నాలుక చివర తయారుగా ఉన్న మాట అది.

"గుంపుల ముప్పై మందిమి తెల్వదంటే తప్పు ఎవరి మీద పడకపోతుండె," అంది ఆశమ్మ ఇప్పుడు, ఒడిలో చేతులు పెట్టుకొని. "గీడ ఉన్నది ఇద్దరమే. ఇద్దరిట్ల ఒగలు తెల్వదంటే ఇంకొగలను పట్టిచ్చినట్టే. నాకు అది మాట బయటికి వచ్చినంకనే సమజైంది. ఫోను ఇంక పెట్టెయ్యలే. చెప్పొచ్చుండె. నోరు లేవలే."

"మేడం ఏమన్నది?" అన్నాడు పరశురాం.

"తిట్టలే. తిట్టినా బాగుండు. నమ్మి బండి ఇచ్చిన గద ఖాదర్ గారూ, అన్నది. గంతే."

ఖాదర్ ఆ సాయంత్రమే తాళం ఆశమ్మకు అప్పజెప్పాడు. నమాజు చేసుకునే జానమాజు చాప మడిచి చంకన పెట్టుకొని, గిన్నెడబ్బా చేత పట్టుకొని, దిగబోతూ ఆగాడు.

"ఫికర్ చెయ్యకు ఆశమ్మా. నీ జాగ ఎటు పోదు, మేడంకు చెప్పిన. వచ్చేటోనికి ఉప్పు జర తక్కువెయ్యి."

ఆమె తల ఊపింది. తల ఊపింది తప్ప ఇంకేమీ చేయలేదు. వానలకు బండి రెండు నెలలు ఆగింది, ఆలోపు మేడం కొత్త డబ్బా కొన్నది. ఆ రెండు నెలలూ ఊళ్లో ఇంట్లో పడుకుంటే ఆ మాటే చెవిలో మెదిలేది. నీ జాగ ఎటు పోదు.

*

"తప్పు ఆడికే ఆగితే ఎట్లనో మింగుదును," అంది ఆశమ్మ. "ఆగలే."

ఖాదర్‌కు నిజంగానే మైసయ్య మీద అనుమానం పడింది. ముప్పై ఏండ్ల పేరు పోయిన మంటలో ఫోన్ చేసి నోటికి వచ్చినట్టు అన్నాడు. "నీకు కరెంటిచ్చిన పాపానికి నా బతుకుల నీళ్లు పోసినవ్‌రా" అన్నాడట. మైసయ్య కూడా తగ్గలేదు. పన్నెండేండ్ల దోస్తీ నాలుగు మాటల్లో తెగింది. ఆ బక్రీదుకు ఖాదర్ పొట్టేలును అంగట్లో కొన్నాడు.

ఈ సంగతి ఆమెకు మైసయ్యే చెప్పాడు. వానలు పడ్డాక మక్తల్ సంతలో ఎదురుపడ్డాడు. భుజం మీద గొంగడి, చేతిలో గొర్ల మందుల సంచి. ఆమెను చూడగానే జనాన్ని తోసుకొని వచ్చాడు.

"అక్కా, మంచిగ దొరికినవ్. నువ్వు ఆన్నే ఉంటివి గద ఆ రోజు. నీ కండ్ల ముందట్నే గద మొహం కడుక్కున్న. డబ్బాకు నాకు నడుమ బండి చక్రమంత దూరం లేదా? ఒక్క సుక్కన్న పడ్డదా? నువ్వు చెప్పక్కా. నువ్వు చెప్తే ఖాదర్ ఇంటడు. నా మాట ఇంటలేడు."

సంతలో మిరపకాయల ఘాటు. జనం అటూ ఇటూ తోసుకుంటున్నారు. మైసయ్య ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎండకు మాడిన మొహం, ఎర్రబడ్డ కండ్లు. అడగడంలో అనుమానం లేదు. ఆమె నిజం చెప్తుందన్న నమ్మకమే ఉంది.

"నాకు తెల్వది తమ్మీ," అంది ఆమె. "నేను రొట్టెలు చేస్తుంటి. చూడలే."

మైసయ్య ఇంకా ఏదో వినాలని కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత తల వంచుకొని అన్నాడు. "అయితే పడ్డదేమో అక్కా. నాకే సోయి లేకుంటుందేమో. నేనే పోసినేమో." అని జనంలో కలిసిపోయాడు.

"నేను పోసిన నీళ్లు ఆయన పోసినని ఒప్పుకొని పోయిండు తమ్మీ," అంది ఆశమ్మ. ఆమె ఏడవలేదు, కండ్లు పొడిగానే ఉన్నాయి. "చేయని తప్పును నెత్తిన పెట్టుకొని పోయిండు. ఆ దినం నుంచి నాకు అన్నం ఇసుక లెక్క ఉంది. నేను వండిందే, నాకు దిగదు."

పరశురాం ఉల్లిగడ్డను పక్కన పెట్టాడు.

"మొన్న కోయిల్‌సాగర్ కాడ ఒక ముసలాయన వచ్చిండు," అన్నాడు.

"అదే. అదే చెప్పబోతున్న."

రెండు రోజుల కింద ఒక ముసలి కాపరి బండి దగ్గరికి వచ్చి, చచ్చిపోయిన ఫోను చూపించి, బిడ్డ దవాఖానలో ఉన్నది, ఒక్క పావుగంట పెట్టుకోనిమ్మని అడిగాడు. మేడం మాట గుర్తుపెట్టుకొని పరశురాం కాదన్నాడు. ముసలాయన మారుమాట అనకుండా కర్ర ఊతంగా కట్ట ఎక్కి వెళ్లిపోయాడు. డబ్బా తెర మీద అప్పుడు తొంభై ఆరు ఉంది. ఆశమ్మ చాట మీది నుంచి తల ఎత్తి ఆ అంకె చూసింది. ముసలాయన వీపు చూసింది.

"నాకు గూడ మంచిగ అనిపియ్యలేదక్కా," అన్నాడు పరశురాం. "అయితే కాయిదా గద అని ఊకున్న."

"ఆ కాయిదా నేను పెట్టించిందే. మేడం నోటి నుంచి వచ్చింది గని, పెట్టింది నేనే. ఇంక ఎంతమందిని గట్ల ఎల్లగొడ్తవో, అందరు నా లెక్కలనే పడతరు." ఆమె లేచి నిలబడింది. బండి కదా, తల పైకప్పుకు తగిలింది. మళ్లీ కూర్చుంది. "రెండు రాత్రులు అదే తిరిగింది నాకు. పొద్దుగాల వీళ్లు చీరలు కావాలె, నారాయణపేటకు పోనియ్యమని అంటే, ఈసారి గూడ దిగొద్దనుకున్న. మళ్ల అనుకున్న, మూడు తడవలు దిగకపోతి. నాలుగోసారి గూడ దిగకపోతే ఇంక సచ్చేదాక దిగను."

"మేడంకు ఫోన్ కలపాల్నా?"

"మేడంకు తర్వాత. ఆమె దూరం. చెప్పుడు తేలిక. ముందుగాల ఖాదరన్న మొహం చూసి చెప్పాలె."

"నీ పని పోతదేమో అక్కా."

"పోతే పోతది. మూడు రాళ్లు ఏడనన్న దొరుకుతయి."

చెప్పింది గాని, ఆ మాట అన్నాక ఆమె కండ్లు ఒక్క క్షణం లోపలి గొళ్లెం మీద ఆగాయి. పరశురాం అది చూశాడు. చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

"నువ్వే నీళ్లు పోసినవని చెప్తే నమ్ముతడా ఆయన?" అన్నాడు.

"నమ్ముతడు. ఆ రోజు గోనె కంప మీద ఆరేసింది చూసి, గిదేందే ఆశమ్మా, ఉల్లిగడ్డలకు తానం పోసినవా అని నవ్విండు. గుర్తొస్తది ఆయనకు. తిడ్తడు. తిట్టనియ్యి."

దుకాణం తలుపు తెరుచుకుంది. ఇద్దరూ అటు చూశారు. పిల్లవాడొకడు నీళ్ల సీసా కోసం వచ్చి, తీసుకొని మళ్లీ లోపలికి ఉరికాడు. "ఇంకా మా అమ్మ ఒక్క చీర కూడా తీసుకోలేదు" అని పోతూ పోతూ ఫిర్యాదు చేశాడు.

పరశురాం లేచి, చేతులు దులుపుకొని, చెప్పులు వేసుకున్నాడు. "నడువు, నేను బండి కాడ ఉంట. నువ్వు పోయి రా."

ఆశమ్మ మెట్టు దాకా వచ్చింది. ఒక కాలు కిందికి పెట్టింది. రోడ్డుకు అవతల, బ్యాంకు పక్కన సందు మొదలు కనిపిస్తున్నది. కొంగు బిగించి పట్టుకుంది. ఆ కాలు మీద బరువు వేయలేకపోయింది.

"నాతోని కాదు తమ్మీ. ఆ సందు మొదట్లకు పోయి తిరిగొస్త, నాకెరుక. ఆయన వచ్చి నా ముందట నిలబడితే ఇంక నేనెటు పోతా? అందుకని నువ్వే పో. బ్యాంకు పక్క సందు. ఎడమ దిక్కు మూడో ఇల్లు. ఇప్పుడు మినరల్ వాటర్ డబ్బాల ఆటో నడుపుతున్నడట. ఆటో ఇంటి ముందట ఉంటె ఆయన ఉన్నట్టు. లేకుంటె లాడ్లీ బేగంను అడుగు, ఆయన భార్య, మంచి మనిషి. ఆశమ్మ వచ్చింది, బండి కాడ ఉంది, ఒక్కసారి రమ్మంటుంది అను. ఎందుకని అడుగుతడు. నువ్వు చెప్పకు. గోనె ముచ్చట, నీళ్ల ముచ్చట ఒక్కటి నీ నోట్లకెళ్లి రావొద్దు, నేను చెప్పాలె. ఇంకోటి తమ్మీ. మైసయ్య నంబరు ఆయన ఫోన్ల ఇంక ఉందా, తీసేసిండా, అది అడుగు. ఉంటె, ఫోను చేతుల పట్టుకొనే రమ్మను."